పంటినొప్పికి ఒక తోడు

పోయిన వారం సిడ్నీలో మేముండే కెల్లీవిల్‌లో మా పళ్ళ డాక్టరమ్మ దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఆరునెలలకోసారి చేయించుకునే చెకప్‌లో పాత ఫిల్లింగ్ ఒకటి అంచు విరిగిందని తేలింది. దాన్ని తీసి కొత్తది పెట్టాలి. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. తల్లిదండ్రులు తెలుగువాళ్ళు కాబట్టి నేను తెలుగులో మాట్లాడతాను, ఆమె ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. మత్తు సూది వేసి, అది పట్టేదాకా ఊరికే కూర్చోవడం ఇష్టంలేక కాబోలు, తెర మీద నా ఎక్స్-రే తెరిచి కింది వరసలో ఎడమ చివరన ఉన్న ఖాళీ చూపించింది. “విజ్డమ్ టూత్ ఒక్కటే కాదు ఆంటీ, దాని ముందుది కూడా లేదు. వాట్ హాపెన్డ్ హియర్?” అని అడిగింది. మర్యాదకి సగం తెలుగు కలిపినట్టుంది. అదొక పెద్ద కథమ్మా అని చెప్పబోయాను. అప్పటికే సగం మూతి నా స్వాధీనంలో లేదు. ‘పెద్ద’ అన్న మాట ‘పెఫ్ఫ’ అని వచ్చింది. ఆ పిల్ల నవ్వి, తర్వాత చెబుదురుగాని అంది. పని అయ్యాక ఆమెకు ఇంకో పేషెంటు, నాకు ఇంకో పని. కారెక్కాక మాత్రం ఆ ఖాళీ చోట నాలుక ఆడిస్తూ, సిగ్నల్ పచ్చబడినా కదలకుండా కూర్చుంటే, వెనక కారువాడు ఒకసారి హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ కొట్టారంటే చాలాసేపే కూర్చుని ఉంటాను.

సిడ్నీకి రాకముందు మేము కాన్‌బెర్రాలో ఉండేవాళ్ళం. ‘మేము’ అనడం మొదటి సంవత్సరానికి వర్తించదు, అప్పుడు నేనొక్కదాన్నే. వీసా నా ఉద్యోగం మీద వచ్చింది. మావాడు పదో తరగతిలో ఉన్నాడు, బడి మధ్యలో మార్చకూడదని, మా మామగారి ఆరోగ్యం కూడా అంతంతమాత్రంగా ఉందని, మా ఆయనా మావాడూ తెనాలిలోనే ఆగిపోయారు. ముందు నేను వెళ్ళి ఇల్లు చూసి, ఉద్యోగంలో కుదురుకుంటే తర్వాత వాళ్ళు రావాలని ఏర్పాటు. నలభై దాటాక జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఒక ఇంట్లో ఉండటం అదే. పుట్టింట్లో ఆరుగురం, అత్తింట్లో తొమ్మిదిమంది, మధ్యలో హాస్టల్లో గదికి నలుగురు. అలాంటిదాన్ని ఆ ఊరి శివారు హారిసన్‌లో రెండంతస్తుల ఇంట్లో, ఒక పరుపు, ఒక బల్ల, ఒక కుర్చీతో కాపురం పెట్టాను. నేను వెళ్ళింది చలికాలం మొదట్లో. తెల్లారి కిటికీ తెరిస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు ఉండేది. కాకటూలనే పెద్ద తెల్ల చిలకలు కరెంటు తీగల మీద కూర్చుని అరిచేవి. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో “హావ్ ఎ గుడ్ వీకెండ్” అనేవాళ్ళు కదా, ఆ తర్వాత సోమవారం పొద్దున్న ట్రామ్ స్టాప్‌లో ఎవరైనా పలకరిస్తే నా గొంతు బొంగురుగా వచ్చేది. వాడకపోతే గొంతుకు కూడా తుప్పు పడుతుందని నాకు అక్కడే తెలిసింది. ఇంటికి రోజూ ఫోన్ చేసేదాన్ని, ఆ మాట నిజమే. కానీ ఫోన్లో మాట్లాడటం వేరు. ఫోన్లో నేను ఎప్పుడూ నవ్వుతూ, ఎప్పుడూ బాగున్న మనిషిని.

నొప్పి మొదట ట్రామ్ స్టాప్‌లోనే వచ్చింది. నోరు తెరిచి చల్లగాలి పీల్చినప్పుడు కింది దవడలో, ఎడమవైపు చివర, ఎవరో దారం కట్టి లాగినట్టు అనిపించింది. నోరు మూసుకుంటే పోయింది. నోరు మూసుకుని ఉండటం నాకక్కడ కష్టం కాదు కాబట్టి కొన్నాళ్ళు అలాగే గడిచింది. తర్వాత చల్లటి పెరుగు తగిలినా వచ్చేది, వేడి కాఫీ తగిలినా వచ్చేది, ఆ తర్వాత ఏదీ తగలకపోయినా వచ్చేది. లవంగం దవడకి పెట్టుకున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. పళ్ళ డాక్టరు అన్న ఆలోచన నాకు సహజంగా రాదు. మా నాన్నగారి లెక్కలో పళ్ళ డాక్టరంటే పళ్ళు పీకేవాడు, పీకాల్సిన పన్ను లేనివాళ్ళకి ఆయనతో పనిలేదు. మా ఇంట్లో ఎవరైనా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారంటే ఒక పన్ను తక్కువతోనే తిరిగొచ్చేవాళ్ళు. నొప్పి లేకుండా, ఊరికే చూపించుకోవడానికి వెళ్ళడమనేది, కారణం లేకుండా పోలీస్‌స్టేషన్‌కి వెళ్ళి కూర్చోవడం లాంటిది మాకు. అందుకే నలభై ఏళ్ళలో నా నోట్లోకి డాక్టరు అద్దం పెట్టి చూడటం ఒక్కసారీ జరగలేదు.

ఎడమ బుగ్గ వాచినప్పుడు ఫోను కుడివైపు పట్టుకుని వీడియోలో మాట్లాడాను. మా అమ్మ ఒకటి రెండుసార్లు “అటు తిరిగి కూర్చున్నావేంటే, ఎవరైనా ఉన్నారా అక్కడ?” అని అడిగింది. ఎవరైనా ఉంటే ఎంత బాగుండేది. చివరికి ఒకరోజు ఆఫీసులో మీటింగు మధ్యలో కళ్ళలో నీళ్ళు తిరిగితే, మా టీమ్ లీడర్ నేను పంపిన రిపోర్టు మీద తను చేసిన వ్యాఖ్యకి బాధపడ్డాననుకుని క్షమాపణ చెప్పాడు. ఆ సాయంత్రమే పక్క పేట గంగాలిన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పొడుగ్గా, తెల్లజుట్టుతో, తొందర లేకుండా మాట్లాడే మనిషి. ఎక్స్-రే తీసి చూపించి నాకు అర్థమయ్యేదాకా వివరించింది. జ్ఞానదంతం నిటారుగా రాకుండా అడ్డంగా పడుకుని ముందున్న పంటిని నెడుతోంది. ఆ రెంటి సందులో తిన్నదంతా చేరుతోంది, బ్రష్ అక్కడికి వెళ్ళదు. చిగురు కింద చీము పట్టింది. ముందు మందులతో వాపు తగ్గించి, తర్వాత ఆ అడ్డం పన్ను తీసేయాలి, ముందున్నది ఇంకా బాగానే ఉంది అని చెప్పింది. ఎముక కొంచెం తొలచాలి కాబట్టి నరంలోకి మత్తు ఇచ్చి చేస్తామంది. నొప్పి ఎక్కడిదో తెలిసినందుకే సగం నొప్పి తగ్గినట్టయింది.

బయట రిసెప్షన్‌లో అమ్మాయి తేదీ చూస్తూ మామూలుగా అడిగింది. “హూ విల్ బి టేకింగ్ యు హోమ్, లవ్?” నేను టాక్సీలో వెళతానన్నాను. కుదరదట. మత్తు పూర్తిగా దిగేదాకా కాస్త ప్రమాదమే కాబట్టి, తెలిసిన మనిషి ఒకరు వచ్చి ఇంటికి తీసుకెళ్ళాలి, సాయంత్రం దాకా పక్కనే ఉండాలి. ఆ మనిషి పేరు చెబితేగాని తేదీ ఇవ్వరు. ఆ పిల్ల కీబోర్డు మీద చేతులు పెట్టుకుని నా వైపు చూస్తోంది. నాకు ఆ ఊళ్ళో తెలిసిన పేర్లు లేకపోలేదు, కానీ ఆ ఖాళీలో పెట్టడానికి ఒక్కటీ తోచలేదు. కనుక్కుని ఫోన్ చేస్తానని చెప్పి బయటికొచ్చేశాను.

తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్నతోనే గడిపాను. టీమ్ లీడర్‌ని అడగొచ్చు, కానీ ఆయన నా ఇంటి కుర్చీలో సాయంత్రం దాకా కూర్చోవడం ఊహకే అందలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో వందలమంది. కరివేపాకు మొక్క ఎవరిదగ్గరైనా ఉందా అని అడిగితే గంటలో పదిమంది జవాబిస్తారు. ‘నన్ను డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని రాసి, చదువుకుని, చెరిపేశాను. ఆ వాక్యంలో నా పరిస్థితి మొత్తం బట్టలు లేకుండా నిలబడినట్టనిపించింది. మా ఆయనకి చెబితే కంగారుపడి టికెట్టు కొంటారు, మామగారిని వదిలి వస్తారు. ఇంతలో మందులకి వాపు తగ్గింది, నొప్పి పోయింది. నొప్పి పోయింది కాబట్టి జబ్బు పోయిందని నన్ను నేనే నమ్మించుకున్నాను. ఆ క్లినిక్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

చలికాలం పోయి చెట్లు పూశాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తింటుంటే నొప్పి తిరిగొచ్చింది. ఈసారి దారం లాగినట్టు కాదు, చెవి దాకా, కణత దాకా ఇనపచువ్వ దించినట్టు. మర్నాడు అదే డాక్టరు దగ్గరికి వెళితే, కొత్త ఎక్స్-రే పాతదాని పక్కన పెట్టి చూపించింది. నేను ఆలస్యం చేసిన ఆ కొద్ది నెలల్లో ముందున్న పన్ను వెనకవైపు నుంచి, ఎవరికీ కనపడని చోట, లోపలిదాకా పుచ్చిపోయింది. ఇప్పుడు రెండూ తీసేయాలి. ఆవిడ తిట్టలేదు. అప్పుడే వస్తే ఒకటి దక్కేదని మాత్రం అంది. నేను ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పబోయి, చెప్పలేక ఏడ్చేశాను. ఆవిడ చేతి తొడుగు తీసేసి నా భుజం మీద చెయ్యి వేసి, నేను ఆపేదాకా తీయకుండా ఉంది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. విమానాశ్రయంలో మావాడు కౌగిలించుకున్న తర్వాత ఇంకో మనిషి నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు.

నాకు ఇంటికి తీసుకెళ్ళే మనిషి దొరికింది చెత్తడబ్బాల దగ్గర. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. అవతల ఒక పెద్దాయన ఉండేవారు. అనంతపురం నుంచి చాలా ఏళ్ళ క్రితం వచ్చి, నీళ్ళ పైపుల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోడలోంచి ఆయన కుక్కరు కూత, రేడియోలో క్రికెట్టు నాకు వినపడేవి. మేమిద్దరం మాట్లాడుకున్నది మాత్రం ఒకే విషయం. అక్కడ ఒక్కో వారం ఒక్కో రంగు మూత డబ్బా వీధిలో పెట్టాలి. వచ్చిన కొత్తలో నేను తప్పు డబ్బా బయట పెడితే ఆయన “ఈ వారం పసుప్పచ్చ మూతదమ్మా” అని చెప్పి తిరిగి లోపల పెట్టారు. ఆ తర్వాత నేను మరిచిపోయిన వారాల్లో నా డబ్బా ఆయన డబ్బా పక్కన నిలబడి ఉండేది. ఆ సోమవారం సాయంత్రం ఆయన డబ్బా లాక్కొస్తూ కనపడితే, వాచిన బుగ్గ దాచే ఓపిక లేక నిలబడిపోయాను.

“ఏమ్మా, దవడ వాసినట్లుండాది?” అన్నారు.

“పళ్ళు తీయాలంట అంకుల్. ఎవరైనా వచ్చి ఇంటికి తీసుకెళ్ళాలంట” అన్నాను. అడిగినట్టు కాదు, వార్త చెప్పినట్టు.

“ఎప్పుడు?” అన్నారు ఆయన. ఇంకేమీ అడగలేదు. తోడొచ్చే మనిషి పేరు చెబితేనే తేదీ ఇస్తారని చెప్పాను. “సరే, నేనొస్తాలే. పక్కనే ఉండా కదమ్మా, అడిగేదానికేం?” అని డబ్బా మూత సరిచేసి లోపలికి వెళ్ళిపోయారు. నేను చలికాలమంతా మోసిన బరువు అంత తేలిగ్గా దిగిపోయినందుకు సంతోషపడాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

ఆ రోజు ఆయన పెళ్ళికి వెళ్ళేవారిలా కోటు వేసుకుని, చెప్పిన వేళ కంటే చాలా ముందే వచ్చి కారులో కూర్చున్నారు. క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి, మీరు ఆమె తండ్రా అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, కచ్చితంగా ఉండటం ఇంజనీర్ల అలవాటు కదా, “నో. వీ షేర్ ఎ వాల్” అన్నారు. అది చాలింది ఆమెకు. తర్వాత జరిగినవి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. దూది కరిచిపట్టుకున్న నోరు, కారు అద్దం మీద ఎండ, మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకున్న చెయ్యి. మెలకువ వచ్చేసరికి పై అంతస్తులో ఉండాల్సిన పరుపు కింది హాల్లోకి వచ్చి ఉంది, నేను దాని మీద ఉన్నాను, ఆయన నా ఒక్క కుర్చీలో కోటు విప్పకుండా కూర్చుని ఉన్నారు. వేడివి తాగకూడదు, స్ట్రా పెట్టి పీల్చకూడదు, ఉమ్మకూడదు అని డాక్టరు చెప్పినవన్నీ కాంట్రాక్టరుకి పని అప్పగించినట్టు ఒకటికి రెండుసార్లు చెప్పారు. వాళ్ళింట్లో కాచి చల్లార్చి తెచ్చిన రాగి అంబలి గ్లాసులో పోసిచ్చారు. మా తెనాలి నాలుకకి రాగి అలవాటు లేదు. అయినా ఆ గ్లాసు నేను ఖాళీ చేసిన తీరు చూసి ఇంకో గ్లాసు పోశారు.

నేను మాట్లాడలేను కాబట్టి ఆయన మాట్లాడారు. ఎన్నాళ్ళ నుంచి లోపల ఉన్న మాటలో మరి. ఆయన భార్య, ఆంటీ, దేశానికి అవతలి చివర పెర్త్‌లో కూతురి దగ్గర ఉన్నారు. కవలలు పుట్టినప్పుడు నాలుగు నెలలకని వెళ్ళారు. ఆ కవలలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు, ఆవిడ మాత్రం రాలేదు. గొడవేమీ లేదన్నారు. ఆవిడ రమ్మంటారు, ఈయన ఆ ఎండ పడదంటారు. ఈయన రమ్మంటారు, ఆవిడ పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారంటారు. అలా అడగడం కూడా మెల్లగా తగ్గిపోయింది. కిటికీ వైపు చూస్తూ ఆయనే, “నువ్వు ఫోన్లో బాగా నవ్వుతావు కదమ్మా. మాటలు ఇనపడవులే, నవ్వొకటే ఇనపడతాది. ఫోను పెట్టేసినాక ఇంట్లో మనిషే లేనట్ల అయిపోతాది” అన్నారు. తెనాలిలో అందరినీ నమ్మించిన నా నవ్వు, గోడకి అవతల ఒక్క మనిషిని మాత్రం నమ్మించలేకపోయింది.

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు తోడు అక్కర్లేదు, అయినా ఆయన వచ్చారు. వెయిటింగ్ రూమ్‌లో నీళ్ళు తాగుతున్న ఆయన్ని డాక్టరు చూసింది. తల ఒక పక్కకి వంచి, నీళ్ళు ఒకవైపే వెళ్ళేలా తాగుతున్నారు. ఎన్నాళ్ళుగా ఇలా తాగుతున్నారని అడిగింది. “అలవాటు” అన్నారు. చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారంటే, మా ఆవిడ అపాయింట్‌మెంట్లు తీసుకునే రోజుల్లో అన్నారు. ఆవిడ పెర్త్ వెళ్ళాక ఆ పని ఎవరూ చేయలేదు, ఆయనకీ గుర్తులేదు. చూస్తే చిగుళ్ళ కింద గార పేరుకుని, ఎముక తగ్గి, రెండు పళ్ళు ఊగుతున్నాయి. చిగుళ్ళ జబ్బు ముదిరేదాకా నొప్పి పెట్టదని, అందుకే నొప్పి లేనప్పుడే రావాలని డాక్టరు చెబుతుంటే, ఆయన నా వైపు తిరిగి తెలుగులో, “మా డిపార్ట్‌మెంట్లోనూ ఇంతేనమ్మా. పైపు పగిలినాక అందరూ పరిగెత్తుకొస్తారు. పగలకముందు పోయి చూసేవాణ్ణి పనిలేనోడంటారు” అన్నారు. ఒకప్పుడు ఆయనే ఆ పనిలేనివాడు కాబట్టి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

పాత వైద్యం వివరాలు కావాలంటే ఆయన పెర్త్‌కి ఫోన్ చేశారు. ఆంటీ, ఆయనకి ఏ పన్ను ఎప్పుడు నొప్పెట్టిందో, దేనికి ఏ ఊళ్ళో సిమెంటు పెట్టించారో, దేనికి భయపడి మధ్యలో లేచొచ్చేశారో, అన్నీ చెప్పారట. ఫోను పెట్టేసి వచ్చి “నా నోట్లో ఏముండాదో నాకన్నా ఆమెకే బాగా తెలుసు” అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి నేను పక్కకి తిరిగి పత్రిక తిరగేశాను. అప్పటినుంచి ఆరునెలలకోసారి మా ఇద్దరికీ ఒకదాని తర్వాత ఒకటి అపాయింట్‌మెంట్లు తీసుకునేదాన్ని. ఆయన దాన్ని ‘సర్వీసింగ్’ అనేవారు, కోటు మాత్రం మానలేదు. నా నంబరు సంపాదించి ఆంటీ కూడా మెసేజ్‌లు పెట్టేవారు. ‘ఆయన పడుకునేముందు బ్రష్ చేస్తున్నారా అమ్మా?’ కరెంటు బ్రష్ చప్పుడు గోడలోంచి వినపడేది కాబట్టి చేస్తున్నారనే నిజాయితీగా చెప్పేదాన్ని. వినపడని రోజున కూడా చేస్తున్నారనే చెప్పేదాన్ని. పళ్ళ గురించి మొదలైన ఆ ఇద్దరి ఫోన్లు క్రమంగా పొడవయ్యాయి. గోడ అవతల ఆయన నవ్వడం నేను విన్నది ఆ రోజుల్లోనే.

మరుసటి ఏడు, మావాడి పదో తరగతి అయిపోయి, మామగారు కాస్త కోలుకున్నాక, మా ఆయనా మావాడూ వచ్చేశారు. ఇంట్లోకి కుర్చీలు వచ్చాయి, చప్పుడు వచ్చింది. కొన్నాళ్ళకి అంకుల్ ఒక నెలకని పెర్త్ వెళ్ళారు. ఆ తర్వాత వచ్చింది ఇల్లు అమ్మడానికే. వెళ్ళే రోజు మా ఆయనకి ఏ వారం ఏ మూతో వివరంగా చెప్పి, నాతో “ఎండ అంత ఘోరంగా ఏం లేదమ్మా అక్కడ” అన్నారు. నేను నవ్వాను, నిజంగానే. పక్కింట్లోకి ఎవరో కుర్ర దంపతులు వచ్చారు. భర్త, కొడుకు, వంట, టీవీ అన్నీ ఉన్న ఆ ఇంట్లో, కొన్ని సాయంత్రాలు నేను గోడవైపు చెవి పెట్టి ఏమీ వినపడక లేచి వచ్చేదాన్ని. ఆ మొదటి చలికాలంలో నా ఒంటరితనం ఎలాంటిదో తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన వెళ్ళిపోయాక దాన్ని గుర్తుచేసుకోవడానికి కూడా నేనొక్కదాన్నే మిగిలాను. మావాళ్ళకి చెబితే అయ్యో అన్నారు. అయ్యో అనడం తప్ప వాళ్ళు మాత్రం ఏం చేయగలరు.

మేము సిడ్నీకి మారాక కూడా ఆయన ఫోన్ చేసేవారు. ఎలా ఉన్నావని అడిగేవారు కాదు, “సర్వీసింగ్ చేయించినావా?” అనేవారు. మొదట నెలకోసారి, తర్వాత పండగలకి, తర్వాత ఆయన చెవులు మందగించి ఆంటీయే మాట్లాడి మధ్యలో నా మాటలు ఆయనకి గట్టిగా అరిచి చెప్పేవారు. ఈమధ్య ఆ ఫోన్లూ లేవు. గొడవేమీ లేదు, ఎవరూ ఎవరినీ మరిచిపోలేదు. దగ్గరవడానికి మాకు ఒక మధ్యాహ్నం సరిపోయింది. విడదీయడానికి మాత్రం కాలం తొందరపడలేదు, ఏ రోజూ నొప్పి తెలియనంత నెమ్మదిగా ఆ పని చేసుకుపోయింది.